మాయన్ అంకెలు, గుంజాల గోండి: ఒకే రిలీజ్‌లో

2018 జూన్‌లో యూనికోడ్ 11.0 వచ్చినప్పుడు అందరి కళ్ళూ కొత్త ఎమోజీల మీదే. నాకు మాత్రం ఆ లిస్టులో రెండు పేర్లు తగిలాయి: మాయన్ అంకెలు, గుంజాల గోండి. మొదటిది మెక్సికో, గ్వాటెమాల వైపుది. రెండోది మాకు గోదావరి అవతలిదే. మా బోధన్ నుంచి బాసర దగ్గర నది దాటి ఆదిలాబాద్ దిక్కు పోతే, నార్నూర్ మండలంలో గుంజాల ఊరు.

మాయన్ లెక్క చాలామందికి తెలిసిందే. చుక్క 1, గీత 5, సున్నాకి గవ్వ లాంటి బొమ్మ. మనకి పదికి స్థానం మారితే వాళ్ళకి ఇరవైకి. అందుకే యూనికోడ్‌లో వాళ్ళకి 20 అంకెలు. వాళ్ళ పుస్తకాలని 1562లో డియెగో దె లాండా అనే పాదరీ కుప్పపోసి తగలబెట్టించాడు. ఇప్పుడు మిగిలినవి నాలుగు.

గుంజాలలో ఎవరూ ఏదీ తగలబెట్టలేదు. పట్టించుకోలేదు, అంతే. 2006లో జయధీర్ తిరుమలరావు గారి బృందం ఆ చేతిరాత ప్రతులని బయటికి తెచ్చేనాటికి, చదవగలిగిన పెద్దవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

నాకు బాగా నచ్చింది వాళ్ళ అక్షరాల వరస. క ఖ గ ఘ కాదండీ, య వ బ భ మ క! మన తెలుగుతో సహా బోలెడు లిపులని ఒకే మూసలో పోసిన యూనికోడ్, ఇక్కడ మాత్రం వాళ్ళ వరసని అలాగే ఉంచింది. మంచి పని. వాళ్ళకి సొంత అంకెలు కూడా ఉన్నాయి.

ఇక అంకెల పేర్లు: ఉండి, రండ్, ముండ్, నాలుంగ్... మన రెండు, మూడు, నాలుగుకి చుట్టాలని వేరే చెప్పాలా? అదే జిల్లాలోని కొలామీలో అయితే నాలుగు దాకానే సొంత మాటలు, అయిదు నుంచి తెలుగువే. సంతలో మనతో బేరాలాడీ ఆడీ వాళ్ళ అంకెలు వదిలేసుకున్నారేమో అని నా అనుమానం.

సరే, మన పనికొద్దాం. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు చాలు. గుంజాల గోండి 11డి60 దగ్గర మొదలవుతుంది కాబట్టి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని మనం ఏళ్ళ తరబడి పెట్టుకున్నది మూడు బైట్లదే! అందులో ఒక గోండు పిల్ల తన పేరు తన లిపిలో కొడితే ఎర్రర్ వస్తుంది, లేదా పేరు మాయమవుతుంది. 8.0 నుంచి (అదీ 2018లోనే) డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4 అయింది గానీ, పాత టేబుళ్ళు వాటంతటవి మారవుగా. మీ దాంట్లో పేరు కాలమ్ ఏ చార్‌సెట్‌లో ఉందో చూడటానికి ఒక్క "షో క్రియేట్ టేబుల్" చాలు.