కౌండిన్య ఏనుగులు – మన పల్లెలు

మన సంఘ సభ్యులలో పలమనేరు, కుప్పం ప్రాంతాలలో పనిచేసినవారు పలువురున్నారు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ ఏనుగంటే గుడిలోనో, సర్కస్‌లోనో చూసేదే. 1980వ దశకంలో తమిళనాడులోని హోసూరు అడవుల నుండి ఏనుగుల గుంపులు ఇటు రాసాగాయి. అక్కడ అడవి తరగడం, మేతకు, నీటికి కరువు రావడం ఇందుకు కారణాలని చెబుతారు. వాటి రక్షణకై ప్రభుత్వం 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది.

కాగితం మీది హద్దులు ఏనుగుకు తెలియవు. పెద్ద ఏనుగుకు రోజుకు వంద కిలోలకు పైగా మేత కావాలి. అడవి అంచునే చెరకు, వరి, అరటి! రెవెన్యూ ఉద్యోగిగా నేను పంట నష్టం రాయడానికి వెళ్లినప్పుడు, "తిన్నది కొంతే సార్, తొక్కింది ఎక్కువ" అన్నాడొక రైతు. పరిహారం లెక్కలోకి ఎకరాలు వస్తాయి గాని, రాత్రుళ్లు మేలుకున్న కాపలా రాదు.

కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. వాటినీ ఏనుగులు దాటాయి. కరెంటు తీగలు తగిలి ఏనుగులు చనిపోయాయి. ఏనుగుల దాడిలో మనుషులూ పోయారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది.

నలభై ఏళ్లుగా ఉంటున్నవి చుట్టపుచూపుగా వచ్చినవి కావు, ఇరుగుపొరుగే. నష్టపోయిన రైతుకు పరిహారం సకాలంలో అందితే ఏనుగు మీద కసి తగ్గుతుంది. ఆ ఊళ్లలో స్థిరపడిన మన పెన్షనర్లు అటువంటి రైతుకు దరఖాస్తు రాసిపెట్టి, ఆఫీసు దాకా తోడు వెళ్లాలని నా మనవి. ఆ పని మనకు చేతనైనదే కదా!