దౌర్బల్యాన్ని గుండె వైద్యం గుర్తించిన తీరు

హార్ట్ ఫెయిల్యూర్ ముదిరితే మనిషి చిక్కి శల్యమవుతాడని ప్రాచీన గ్రీకు వైద్యులకే తెలుసు. కానీ చిక్కిపోవడాన్ని జబ్బు లక్షణాల్లో ఒకటిగానే చూశారు. అది విడిగా ప్రాణాల మీదికి తెస్తుందని 1997లో స్టెఫాన్ అంకర్ బృందం లాన్సెట్ పత్రికలో చూపింది. వారు పరిశీలించిన 171 మందిలో ఒళ్లు కరిగిపోయినవారిలో సగం మంది 18 నెలల్లోనే చనిపోయారు.

బరువు సరే, తూకం చెబుతుంది. మరి పెద్దవాళ్ల ఓపిక తగ్గడాన్ని కొలిచేదెలా? 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం 65 ఏళ్లు, ఆపైన ఉన్న 5,317 మంది వివరాలు పరిశీలించి ఐదు గుర్తులు చెప్పింది. అనుకోకుండా బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, తిరుగాడటం తగ్గడం. వీటిలో మూడుంటే దౌర్బల్యమే. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని ఈ పరీక్ష వైద్యానికి గొప్ప మేలు చేసిందని నా అభిప్రాయం.

2017లో 26 అధ్యయనాలను కలిపి చూస్తే హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో దాదాపు 45 శాతం మందిలో దౌర్బల్యం కనిపించింది. అది ఉన్నవారికి మరణం ముప్పు, ఆసుపత్రిలో చేరాల్సిన ముప్పు రెండూ సుమారు ఒకటిన్నర రెట్లని మరుసటి ఏడాది ఇంకో సమీక్ష తేల్చింది. హార్ట్ ఫెయిల్యూర్ తెచ్చే ఆయాసంతో నడక తగ్గుతుంది, నడవక కండ కరుగుతుంది, ఆకలి పోతుంది. ఆసుపత్రి మంచం మీద గడిపే రోజులు ఉన్న కాస్త బలాన్నీ తీసేస్తాయి.

2020లో జపాన్ పరిశోధకులు ఈ రోగుల్లో ఒంటి బలంతోపాటు ఆలోచనాశక్తినీ, ఒంటరితనాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఈ లోపాలు ఎన్ని కలిస్తే ముప్పు అంత పెరిగింది. పిల్లలు దూరదేశాల్లో, పెద్దలు ఊళ్లో ఉండే మన ఇళ్లు తప్పక పట్టించుకోవాల్సిన సంగతి ఇది.

బలహీనులు మందులకు తట్టుకోలేరన్న భయంతో చికిత్స తగ్గించడం చాలాకాలం సాగింది. 2022లో హార్ట్ ఫెయిల్యూర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు ప్రయోగ ఫలితాలను తిరిగి పరిశీలిస్తే దౌర్బల్యం ఉన్నా లేకున్నా మందు పనిచేసింది. బాగా బలహీనంగా ఉన్నవారికే రోజువారీ జీవితంలో ఎక్కువ ఊరట దక్కింది. అంతకు ముందు ఏడాది 349 మందితో జరిగిన రిహాబ్-హెచ్ఎఫ్ ప్రయోగంలో బలం, నిలకడ, నడకల్లో శిక్షణతో వృద్ధుల శరీర సామర్థ్యం మెరుగుపడింది. మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

పెద్దవాళ్లను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఎకో రిపోర్టుతోపాటు ఏడాదిలో ఎంత బరువు తగ్గారో, నడక ఎంత మందగించిందో కూడా చెప్పండి. వయసు మీదపడిందన్న ఒక్క కారణంతో ఎవరైనా మందు వద్దంటే, ఎందుకు వద్దో గట్టిగా అడగండి.