హోప్ ఐలాండ్, కాకినాడ

హోప్ ఐలాండ్ ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడకు ఎదురుగా బంగాళాఖాతంలో ఉన్న సన్నని ఇసుక దీవి. పొడవు సుమారు 16 కిలోమీటర్లు, వైశాల్యం సుమారు 8 చదరపు కిలోమీటర్లు. కొండ లేదు, రాయి లేదు, అంతా గోదావరి తెచ్చి పోసిన ఇసుకే. వయసు రెండు వందల ఏళ్ళకు అటూ ఇటూ, అంటే నేల లెక్కలో ఇంకా పసిబిడ్డ. పడవెక్కి దీవికి వెళ్ళి పక్షులనూ తాబేళ్ళనూ జనం తొక్కని ఒడ్డునూ చూడాలనుకునే తెలుగువాళ్ళకు ఇంతకంటే మంచి చోటు మన తీరంలో లేదు.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. గౌతమి నుంచి విడివడిన కోరింగ పాయ యానాం పక్కనుంచి సాగి మడ అడవుల గుండా కాకినాడ అఖాతంలో కలుస్తుంది. వరదనీటితో వచ్చిన ఇసుక సముద్రంలో పడగానే అలల పాలవుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి, ఆ ఇసుకను ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. ఏటేటా అలా పేరుకున్న దిబ్బే ఈ దీవి. దాని ఉత్తరపు కొసను గోదావరి పాయింట్ అంటారు.

ఇంతకీ ఆ ఇసుక ఎక్కడిది? తెలంగాణలోని కామారెడ్డి జిల్లా సదాశివనగర్‌లో కూర్చుని ఈ దీవి గురించి చదివేవాళ్ళకు సముద్రం చాలా దూరమనిపించవచ్చు. కానీ ఆ జిల్లాలో ఎక్కడ వాన పడినా ఆ నీటి దారి గోదావరికే. ఎల్లారెడ్డి వైపు వాగులు మంజీరలో కలుస్తాయి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మన చేలగట్ల మీంచి కొట్టుకుపోయిన మట్టిలో కొంతైనా ఏనాడో ఆ తీరం చేరే ఉంటుంది. ఇప్పుడు ఆ దారికి ఆనకట్టలు అడ్డుపడ్డాయి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం దాదాపు 30 టీఎంసీల నిల్వతో మొదలైంది, పూడిక నిండి నిండి ఇవాళ 18 టీఎంసీలకు లోపే పడుతోంది. జలాశయం అడుగున ఆగిపోయిన ఆ మట్టి డెల్టాకు రావలసిన మట్టి. శ్రీరాంసాగర్ మొదలు గోదావరి మీదా ఉపనదుల మీదా కట్టిన ప్రతి ఆనకట్టదీ ఇదే కథ. నది పోషించిన దీవికి నది చేతులు కట్టేస్తే ఏమవుతుందన్నది కాకినాడ ఒక్కటే పట్టించుకోవలసిన ప్రశ్న కాదు.

కాకినాడకైతే ఈ దిబ్బ కాపలా. బంగాళాఖాతం పొంగినప్పుడు పెద్ద అలలు ముందు దీవిని ఢీకొంటాయి, లోపలి అఖాతం చాలావరకు నిమ్మళంగా ఉంటుంది. ఆ నిమ్మళం వల్లే పెద్ద ఓడలు దూరాన లంగరు వేసి, బియ్యాన్నీ ఇతర సరుకునూ బార్జీల ద్వారా ఎక్కించుకునే పద్ధతి కాకినాడలో నిలదొక్కుకుంది. ఈ తీరంలో ఉప్పెన ఎంత పని చేస్తుందో కోరింగ చరిత్ర చెబుతుంది. ఓడలు కట్టడానికీ మరమ్మతు చేయడానికీ పేరుపడ్డ ఆ రేవును 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ముంచెత్తింది, 1839 నవంబరులో వచ్చిన తుఫాను దాదాపు తుడిచిపెట్టేసింది. మళ్ళీ ఆ వైభవం రాలేదు. బర్మాకు వలసపోయిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు కోరంగీలని పిలిచేవారు. పేరు ఆ రేవుదే. రేవు పోయినా పేరు సముద్రం దాటి బతికింది.

దీవికీ నేలకూ మధ్య ఉన్న మడ అడవిలో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని 1978లో కోరింగ అభయారణ్యంగా ప్రకటించారు. తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల ఇక్కడి ముఖ్యమైన చెట్లు. బురదలో గాలి ఆడదు గనుక మడచెట్టు వేళ్ళను పైకి పంపుతుంది. పాటు తీసి నీరు తగ్గినప్పుడు చూస్తే చెట్టు చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల వేళ్ళు నిలబడి ఉంటాయి, వాటి మధ్య ఎర్రని డెక్క ఊపుతూ పీతలు తిరుగుతాయి. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి ఆకులు తెంపే సరదా ఇక్కడ వద్దు. బావురు పిల్లి, నీటికుక్క, నక్క ఈ అడవిలో ఉన్నాయి. బావురు పిల్లి రాత్రి తిరుగుతుంది, పగలు వెళ్ళినవాళ్ళకు కనిపించేది బురదలో దాని అడుగుజాడే. నీళ్ళలోకి దిగి చేపలు పట్టే పిల్లి మన తీరంలో ఉందని బడిపిల్లలకు చెప్పి చూడండి, వాళ్ళ కళ్ళు వెలుగుతాయి.

చలికాలంలో దీవి కొసన వలస పక్షులు దిగుతాయి. వాటిలో ఇండియన్ స్కిమ్మర్‌ను చూడటం అదృష్టం. ఎర్రగా మొదలై కొసన పసుపుగా మారే దాని ముక్కులో కింది దవడ పై దవడకంటే పొడుగు. నీటి మీదుగా ఆనీ ఆనకుండా ఎగురుతూ, ఆ కింది దవడతో నీటిని నాగలిచాలులా కోసుకుపోతుంది. చేప తగిలిన క్షణంలో నోరు మూసేస్తుంది. లోకంలో ఈ పక్షులు కొన్ని వేలే మిగిలాయి.

జనవరి నుంచి మార్చి దాకా దీవి సముద్రపు ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి అల దాటి వచ్చిన తల్లి వెనక కాళ్ళతో, గిన్నె చెక్కినట్టు, మూరెడు లోతు గుంట తవ్వుతుంది. వంద గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి, తన ఒంటి బరువుతో అదిమి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకి వస్తాయి. అవి ఆడవో మగవో తేల్చేది ఇసుక వేడి. నక్కలూ కుక్కలూ గూళ్ళు తవ్వుతాయి కాబట్టి అటవీశాఖ గుడ్లను ఏరి, కంచె వేసిన పొదుగు కేంద్రాల్లో కాపాడి, పిల్లలను సముద్రంలో వదులుతుంది. పెద్దవాటికి గండం మర బోట్ల వలలు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, వలలో ఇరుక్కుంటే నీటిలోనే ఊపిరాడక చస్తుంది. ఈ కాలంలో కాకినాడ ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళను చూసి మనసు చివుక్కుమనని మనిషి ఉండడు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి తాబేళ్ళ గుడ్ల కాలం దాదాపు ముగిసిపోతుంది. అందుకే తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలనే ప్రతి మర బోటూ వాడాలి.

హోప్ ఐలాండ్‌లో డైవింగ్ లేదు. దీవిని కట్టిన ఒండ్రే ఇక్కడి నీటిని మసకగా ఉంచుతుంది. పగడానికి ఎండ సోకే తేటనీరు కావాలి, మట్టి పేరుకుంటే ఊపిరాడదు. పెద్ద నదులు కలిసే తీరంలో పగడపు దిబ్బలు సాధారణంగా లేకపోవడానికి ఒక కారణం ఇదే. తెలుగు తీరంలో స్కూబా నేర్పేది విశాఖపట్నం వైపు, అక్కడా చూడగలిగేది ఎక్కువగా రాళ్ళ మధ్య బతికే చేపలనే. పగడాలు చూడాలంటే అండమాన్ పోవచ్చు. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్, స్వరాజ్ ద్వీప్ అని 2018లో పేరు మారిన హేవ్‌లాక్ అందుకు పేరుపొందిన చోట్లు. అక్కడికెళ్ళినా పరాయి ఊరనిపించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.

తెరచాప యాట్‌లో దీవులు చుట్టడం కూడా, డైవింగ్ లాగే, మన తీరంలో ఇంకా అలవాటు కాలేదు. చేతకాక మాత్రం కాదు. 55 అడుగుల ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు తెలుగువాళ్ళు: హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి. హోప్ ఐలాండ్‌కు మాత్రం ఇంజను బిగించిన బోటే సాధనం.

కామారెడ్డి వైపు నుంచి వచ్చేవాళ్ళు హైదరాబాద్ చేరి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడ చేరువలో ఉంటారు. దీవికి బోట్లు జగన్నాథపురం వైపు జెట్టీ నుంచి కదులుతాయి. అటవీశాఖ అనుమతి ఉందో లేదో, వాతావరణం ఎలా ఉందో ముందే కనుక్కోవాలి. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. దీవిలో మత్స్యకారుల గుడిసెలున్నా హోటళ్ళు లేవు, తాగునీరూ తిండీ వెంట తీసుకెళ్ళి చెత్త వెంటే తెచ్చుకోవాలి. గుడ్ల కాలంలో చీకటి పడ్డాక ఒడ్డున టార్చి వేయకూడదు, వెలుతురు చూసి తాబేలు పిల్లలు సముద్రం అనుకుని అటే నడుస్తాయి. మడ కాలువల్లో పోటు మీద వెళ్ళిన బోటు పాటు తీసేలోగా బయటపడాలి. లేకపోతే అడుగు బురదలో కూర్చుంటుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. సరంగు నీటివైపు చూసి పదండంటే, ఫొటో సగంలో ఉన్నా సరే, బోటెక్కాలి.