ఆకుపచ్చ జెర్సీ మీద 6



మొన్న కాలేజీ స్పోర్ట్స్ డేకి ఆకుపచ్చ జెర్సీ వేసుకుని వెళ్ళాను. వెనకాల 6 నంబరు. సెకండియర్ కుర్రాడొకడు పరుగున వచ్చి, "లెబ్రాన్ నంబరు కదా సార్!" అన్నాడు. లెబ్రాన్ కూడా వేసుకున్నాడు గానీ ఇది బిల్ రసెల్‌ది నాన్నా, అన్నాను. ఆయనెవరు అన్నాడు. గ్రౌండులో నిలబడి చెప్పే కథ కాదు. అందుకే ఈ వారం ఇది.

నేను బోస్టన్ సెల్టిక్స్ అభిమానిని. 2008 జూన్‌లో, సెలవులకి ఊరెళ్ళకుండా హాస్టల్లో మిగిలిపోయిన నలుగురం పొద్దున్నే టీవీ రూములో కూర్చుని ఫైనల్స్ చూశాం. సెల్టిక్స్ 131, లేకర్స్ 92. అది వాళ్ళ 17వ టైటిల్. ఆ పదిహేడులో పదకొండు, ఒక్క మనిషి ఆడిన 13 ఏళ్ళలోనే వచ్చాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పట్నుంచీ ఈ పిచ్చి. తెలుగు సాహిత్యం చెప్పుకునేవాడికి ఇదేం రోగం అని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. చేసుకోనివ్వండి.

రసెల్ 1934లో లూసియానా రాష్ట్రంలో పుట్టాడు. దక్షిణాది జాత్యహంకారం నుంచి బయటపడాలని వాళ్ళ కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కి వలసపోయింది. 1956లో ఆయన సెల్టిక్స్‌లో చేరాడు. అప్పటిదాకా ఆ టీమ్‌కి ఒక్క టైటిల్ కూడా లేదు. 1957లో మొదటిది. 1959 నుంచి 1966 దాకా వరసగా ఎనిమిది. మళ్ళీ 1968, 1969.

ఆట ఎలా ఉండేదో చెప్పాలి. అవతలివాడు బుట్టలోకి విసిరిన బంతిని ఆపినప్పుడు చాలామంది దాన్ని చప్పట్ల కోసం జనంలోకి బాదేస్తారు. అలా చేస్తే బంతి మళ్ళీ అవతలి టీమ్‌కే పోతుంది. రసెల్ దాన్ని మెత్తగా తట్టి తన టీమ్ వాడి చేతికి అందించేవాడు. అక్కణ్ణుంచి బాబ్ కూజీ లాంటివాడు పరుగందుకుంటే అటువైపు రెండు పాయింట్లు. రీబౌండ్లు 21,620 అని రికార్డుల్లో ఉంది. ఆపిన బంతులెన్ని? లెక్క లేదు. బ్లాకులు లెక్కపెట్టడం ఎన్‌బీఏ 1973లో గానీ మొదలుపెట్టలేదు. ఆయన 1969లోనే రిటైరయ్యాడు. ఆయన చేసిన అతి పెద్ద పని రికార్డుల్లోనే లేదు. మన అమ్మానాన్నల పని ఏ రికార్డులో ఉంది గనక, అనిపిస్తుంది నాకు.

టీమ్‌కి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి తీరాలి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఒక నల్లజాతి ఆటగాణ్ణి, చక్ కూపర్‌ని, 1950లో ఎంచుకుంది సెల్టిక్సే. 1964 డిసెంబర్ 26న ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో ఆట మొదలుపెట్టిన తొలి టీమ్ వాళ్ళే. 1966లో కోచ్ రెడ్ ఆవర్‌బాక్ తన కుర్చీని రసెల్‌కే ఇచ్చాడు. ఎన్‌బీఏలో తొలి నల్లజాతి హెడ్ కోచ్. చివరి రెండు టైటిళ్ళు ఆయన ఆడుతూ, ఆడిస్తూ గెలిచినవే.

ఇప్పుడు అసలు సంగతి.

1961 అక్టోబర్. కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్. సెల్టిక్స్ ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడటానికి వెళ్ళారు. అప్పటికి నాలుగు టైటిళ్ళు గెలిచిన టీమ్. సామ్ జోన్స్, శాచ్ శాండర్స్ హోటల్ కాఫీ షాపులోకి వెళ్తే, మీకు పెట్టం అన్నారు. విషయం రసెల్‌కి తెలిసింది. ఆవర్‌బాక్ హోటల్ వాళ్ళతో మాట్లాడాక సరే పెడతాం అన్నారు. మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చాలామంది పోరాటం "సరే పెడతాం" దగ్గరే అయిపోతుంది. వీళ్ళది కాలేదు. కోచ్ వెళ్ళొద్దని నచ్చజెప్పి, వినకపోతే తనే విమానాశ్రయానికి దిగబెట్టాడు. ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళు ఆడకుండా వెళ్ళిపోయారు. మ్యాచ్ మాత్రం ఆగలేదు. మిగిలిన తెల్లవాళ్ళు ఆడేశారు.

మా ఊళ్ళో టీ కొట్టు చూరులో మా నాన్న గ్లాసు వేరేగా ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఈ లెక్సింగ్టన్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు కనిపించింది అమెరికా కాదు, ఆ చూరు.

దక్షిణాది అంతేలే అనుకోకండి. బోస్టన్ ఉత్తరాది. అక్కడ ఓడిపోతున్న హాకీ టీమ్‌కి హాలు నిండేది, ఏటా గెలిచే సెల్టిక్స్‌కి కుర్చీలు ఖాళీగా ఉండేవి. రెడింగ్ అనే ఊళ్ళో రసెల్ ఇంట్లోకి దొంగల్లా చొరబడి, గోడల మీద జాతి తిట్లు రాసి, ట్రోఫీలు పగలగొట్టి, మంచం మీద మలవిసర్జన చేసి పోయారు. "బాగా చదువుకోరా, పైకొస్తే నిన్నెవడూ కులం అడగడు" అని మా మాస్టారొకరు ప్రేమగా చెప్పేవారు. పీహెచ్‌డీ పట్టా వచ్చిన ఏడాదే అద్దెకి ఇల్లు వెతుక్కుంటుంటే గేటు దగ్గరే "మీరేమిట్లు?" అని అడిగారు. మా మాస్టారు అబద్ధం చెప్పారనను. ఆయనకి రసెల్ తెలియదు.

కూజీ గురించి కూడా రాయాలి. 1950లో నార్త్ కరోలినాలో చక్ కూపర్‌కి హోటల్లో గది ఇవ్వనంటే, ఈ తెల్ల సహచరుడు తనూ అక్కడ ఉండకుండా కూపర్‌తో కలిసి రాత్రి రైలెక్కాడు. అంత పని చేసినవాడే, 80 ఏళ్ళు దాటాక, నీ కోసం నేను చేయాల్సినంత చేయలేదు, క్షమించు అని రసెల్‌కి ఉత్తరం రాశాడు. మన స్టాఫ్ రూముల్లో అలాంటి ఉత్తరాలు రాయాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు నార్త్ కరోలినా రైలు కూడా ఎక్కలేదు.

1975లో రసెల్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేశారు. వెళ్ళలేదు. ఉంగరం తీసుకోలేదు. 44 ఏళ్ళు. 2019లో చక్ కూపర్‌కి ఆ గౌరవం ఇచ్చారు, కూపర్ చనిపోయిన 35 ఏళ్ళకి. అప్పుడు తీసుకున్నాడు. నాకంటే ముందు దక్కాల్సినవాళ్ళు ఉన్నారు అన్నదే ఆయన వివరణ.

2022 జూలై 31న రసెల్ చనిపోయాక లీగ్‌లో అన్ని టీమ్‌లూ 6 నంబరుని కొత్తవాళ్ళకి ఇవ్వడం మానేశాయి. అప్పటికే వేసుకుంటున్నవాళ్ళకి మాత్రమే ఉంచారు, లెబ్రాన్ లాంటివాళ్ళకి. 2024లో 18వ టైటిల్ వచ్చిన పొద్దున నేను ఫస్ట్ అవర్ క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. పిల్లలు క్షమించారు.

వచ్చే వారం: పెవిలియన్ బయట, విడిగా, మట్టి ముంతలో టీ ఇచ్చినా బంతి వదలని పూనా బౌలర్ పల్వంకర్ బాలూ.