వర్జీనియాలో చూడదగ్గ ప్రదేశాలు

వర్జీనియా అమెరికా తూర్పు తీరంలోని రాష్ట్రం. దేశ రాజధాని వాషింగ్టన్ నగరం నుంచి పొటోమాక్ నది దాటితే వచ్చేది ఇదే. తూర్పున అట్లాంటిక్ సముద్రం, చెసపీక్ అఖాతం, పడమట బ్లూ రిడ్జ్ కొండలు. బ్రిటన్ మీద తిరగబడిన 13 వలసల్లో అన్నిటికన్నా పాతది. అమెరికా అధ్యక్షుల్లో ఎనిమిది మంది ఇక్కడే పుట్టారు, మరే రాష్ట్రంలోనూ అంతమంది పుట్టలేదు. మనుషులందరూ సమానులేనని రాసిన పెద్దమనిషి, వందలాది మంది బానిసలకు యజమాని ఒకరే కావడం ఈ రాష్ట్ర చరిత్రలోని చిక్కు. అందుకే ఇక్కడి చారిత్రక గృహాల్లో ముందు హాలు చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. పెరట్లోని వంటశాలలూ, బానిసల గుడిసెలూ చూస్తే తప్ప ఆ ఇళ్ళు అర్థం కావు.

జేమ్స్‌టౌన్

1607 మే నెలలో సుసాన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ అనే మూడు ఓడల్లో వచ్చిన ఆంగ్లేయులు జేమ్స్ నది ఒడ్డున కోట కట్టుకున్నారు. అమెరికాలో నిలిచిన తొలి ఇంగ్లీషు స్థావరం ఇదే. ఆ కోట నదిలో కొట్టుకుపోయిందని చాలాకాలం అనుకున్నారు. విలియం కెల్సో అనే పురాతత్త్వవేత్త 1994లో తవ్వకాలు మొదలుపెట్టాక, కోట గోడ కర్రలు పాతిన గుర్తులు నేలలోనే బయటపడ్డాయి. తవ్వకాలు ఇప్పటికీ సాగుతున్నాయి, సందర్శకులు దగ్గర నిలబడి చూడవచ్చు. 1609-10 చలికాలంలో తిండి లేక వలసదారుల్లో అత్యధికులు చనిపోయారు. అప్పుడు నరమాంసం తిన్నారనడానికి రుజువుగా, కత్తి గాట్లున్న పద్నాలుగేళ్ళ బాలిక పుర్రెను అక్కడి మ్యూజియంలో ఉంచారు. చిన్నపిల్లలతో వెళ్ళేవారు ఇది గుర్తుంచుకోవాలి.

జేమ్స్‌టౌన్ పేరుతో పక్కపక్కనే రెండు చోట్లు ఉండడం వల్ల చాలామంది తికమకపడతారు. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అసలు స్థలం. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ అనేది ఓడలకూ కోటకూ నమూనాలు కట్టి చూపించే మ్యూజియం. పిల్లలకు ఓడ ఎక్కి తిరిగే రెండోదే నచ్చుతుంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు మొదటిదానికి వెళ్ళాలి. 1619 వేసవిలో అమెరికాలో తొలి ప్రజాప్రతినిధుల సభ జేమ్స్‌టౌన్ చర్చిలో సమావేశమైంది. కొద్ది వారాలకే, ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన ఇరవై మందికి పైగా మనుషులను ఒక ఓడ పాయింట్ కంఫర్ట్ రేవులో దింపింది. ఆ రేవు ఉన్నచోటే ఇప్పుడు హాంప్టన్‌లోని ఫోర్ట్ మన్రో ఉంది.

విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్

1699 నుంచి 1780 వరకు రాజధానిగా వెలిగిన విలియమ్స్‌బర్గ్, ఆ హోదా రిచ్‌మండ్‌కు వెళ్ళిపోయాక మూలనపడింది. కొత్త కట్టడాలు పెద్దగా రాకపోవడంతో పాత ఇళ్ళు మిగిలాయి. గుడ్విన్ అనే మతగురువు మాట మీద కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1926లో పునరుద్ధరణకు డబ్బు పెట్టడం మొదలుపెట్టాడు. నేడు అక్కడ పద్దెనిమిదో శతాబ్దపు అసలు భవనాలు 89 ఉన్నాయి. గవర్నర్ ప్యాలెస్, శాసనసభ భవనం మాత్రం పాత పునాదుల మీద కొత్తగా కట్టినవి. కమ్మరులు, పీపాలు చేసేవాళ్ళు, అచ్చుకూటం పనివాళ్ళు, విగ్గులు అల్లేవాళ్ళు ఆనాటి దుస్తుల్లో, ఆనాటి పనిముట్లతోనే పనిచేస్తుంటారు. వాళ్ళు వేషగాళ్ళని కొట్టిపారేయకూడదు. చాలామంది ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి పని నేర్చుకున్నవాళ్ళే. ప్రధాన వీధిలో నడవడానికి టికెట్ అక్కర్లేదు, భవనాల లోపలికి వెళ్ళడానికి కావాలి.

ఆనాడు ఈ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లజాతివారే అయినా ఆ సంగతి ఇక్కడ చాలాకాలం వినిపించలేదు. 1760లో నల్లజాతి పిల్లల కోసం తెరిచిన బ్రే స్కూలు భవనాన్ని విలియం అండ్ మేరీ కాలేజీ ఆవరణలో గుర్తించి, 2023లో చారిత్రక ప్రాంతంలోకి తరలించారు.

జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్‌లను కలుపుతూ చెట్ల నడుమ సాగే కలోనియల్ పార్క్‌వే పొడవు 37 కిలోమీటర్లు. లారీలు, హోర్డింగులు లేని దారి అది. దాని చివర ఉన్న యార్క్‌టౌన్‌లో, 1781 అక్టోబరులో జార్జ్ వాషింగ్టన్ సేనలకూ ఫ్రెంచి సేనలకూ చిక్కి బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. ఒంట్లో బాగాలేదని తాను రాకుండా, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. ఐదేళ్ళకు గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వచ్చి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన కార్న్‌వాలిస్ ఇతనే. ఆ పద్ధతే 1802 నుంచి ఉత్తర సర్కారు జిల్లాలకు పాకి మన జమీందారీలను స్థిరపరిచింది. యార్క్‌టౌన్ మట్టిదిబ్బల మీద నిలబడిన తెలుగువారికి ఆ ఓటమి అంత పరాయిగా అనిపించదు.

ఇద్దరు అధ్యక్షుల ఇళ్ళు

పొటోమాక్ ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నన్ జార్జ్ వాషింగ్టన్ ఇల్లు. గోడలు రాతివిలా కనిపిస్తాయి గానీ అవి చెక్కలే. రాళ్ళ ఆకారంలో చెక్కి, రంగు వేసి, తడి ఆరకముందే ఇసుక చల్లించాడు. నడవలో పారిస్‌లోని బాస్టిల్ కోట తాళంచెవి వేలాడుతుంటుంది, అది ఫ్రెంచి సేనాని లఫాయెట్ పంపిన కానుక. శిథిలమవుతున్న ఈ ఇంటిని 1858లో స్త్రీలు నడిపే ఒక సంఘం చందాలతో కొనడానికి పూనుకుంది. నేటికీ ప్రభుత్వ సొమ్ము లేకుండా ఆ సంఘమే నడుపుతోంది. 1799లో వాషింగ్టన్ చనిపోయేనాటికి ఇక్కడ 317 మంది బానిసలున్నారు. తన సొంతమైనవారికి విముక్తి కలగాలని వీలునామా రాశాడు. అతని సమాధికి కొద్ది దూరంలోనే ఆ బానిసల శ్మశానం ఉంది.

షార్లట్స్‌విల్ దగ్గర కొండ మీద ఉన్న మాంటిచెల్లోను థామస్ జెఫర్సన్ తానే గీసి, కట్టి, పడగొట్టి మళ్ళీ కట్టించుకున్నాడు. హాలులోని పెద్ద గడియారం వారాన్ని కూడా చూపిస్తుంది. బరువులు గోడ వెంట దిగుతూ రోజుల పేర్లు దాటాలి. గోడ ఎత్తు చాలక, నేలకు రంధ్రం కొట్టించి శనివారాన్ని నేలమాళిగలో పెట్టించాడు. మేధావి ఇల్లు ఇలాగే ఉంటుందనిపిస్తుంది. కానీ మనుషులందరూ సమానులేనని రాసిన ఆ మేధావి జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలకు యజమాని. శాలీ హెమింగ్స్ అనే బానిస యువతి వల్ల అతనికి పిల్లలు కలిగారన్న సంగతిని దాటవేసే రోజులు పోయాయి. ఆమె జీవితం మీద ఇక్కడ 2018లో ఒక గదిలో ప్రదర్శన ఏర్పాటు చేశారు. వర్జీనియా ఇళ్ళలో ఒక్కటే చూడగలిగితే మాంటిచెల్లోనే చూడాలి. జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయంతో కలిపి 1987లో దీనికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

అంతర్యుద్ధపు గుర్తులు

1861-65 మధ్య బానిసత్వాన్ని నిలబెట్టాలని విడిపోయిన దక్షిణ రాష్ట్రాలకు రిచ్‌మండే రాజధాని. అక్కడి మాన్యుమెంట్ అవెన్యూలో ఠీవిగా నిలిచిన దక్షిణాది సేనాని రాబర్ట్ లీ విగ్రహాన్ని 2021లో తొలగించారు. నల్లజాతి టెన్నిస్ వీరుడు ఆర్థర్ ఆష్ విగ్రహం అదే వీధిలో నిలిచి ఉంది. నగరంలోని లలితకళల మ్యూజియంలో మంచి భారతీయ శిల్పాలున్నాయి, ప్రవేశం ఉచితం.

యుద్ధంలో తొలి పెద్ద పోరు 1861 జులైలో మనాసస్ దగ్గర జరిగింది. ఫిరంగి గుండు విల్మర్ మెక్లీన్ అనే వర్తకుడి పొలంలోకి దూసుకొచ్చింది. ఈ గొడవలకు దూరంగా బతుకుదామని ఆయన కుటుంబంతో అపమటక్స్ కోర్ట్ హౌస్ అనే మారుమూల పల్లెకు మారాడు. 1865 ఏప్రిల్ 9న లీ, ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు లొంగిపోయింది సరిగ్గా ఆయన ఇంటి ముందుగదిలోనే. ఆ ఇంటిని తర్వాత వాషింగ్టన్‌కు తరలించాలని విప్పదీసి, అలాగే వదిలేశారు. పాత పునాదుల మీద మళ్ళీ కట్టిన ఇల్లు నేడు జాతీయ చారిత్రక ఉద్యానంలో భాగం.

లీ కుటుంబ ఎస్టేటులోనే 1864లో ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం ఏర్పడింది. కెనెడీ సమాధి, అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర కాపలా మార్పు చూడడానికి జనం వస్తారు. కొలంబియా వ్యోమనౌక స్మారకం మీద కల్పనా చావ్లా పేరు ఉంది, చాలామంది భారతీయులు అది తెలియకుండానే తిరిగి వెళ్ళిపోతారు. డల్లెస్ విమానాశ్రయం పక్కన ఉడ్వార్ హేజీ విమాన మ్యూజియంలో డిస్కవరీ వ్యోమనౌక, హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానం ఉన్నాయి.

కొండలు, తీరం

షెనండోవా జాతీయ ఉద్యానం 1935లో ఏర్పడింది. కొండల వీపు మీదుగా 169 కిలోమీటర్లు సాగే స్కైలైన్ డ్రైవ్ దాని వెన్నెముక. ఈ ఉద్యానం కోసం అక్కడి కొండవాసులను ఖాళీ చేయించారు, వాళ్ళ శ్మశానాలు అడవిలో ఇంకా కనిపిస్తాయి. దగ్గర్లోనే ఉన్న లూరే గుహలు బొర్రా గుహల్లాగే సున్నపురాయిలో ఏర్పడినవి. రబ్బరు సుత్తులు రాతి ఊడలను తాకితే సంగీతం పలికే వాద్యం ఇక్కడి ప్రత్యేకత. ఇంకా దక్షిణాన 215 అడుగుల సహజ రాతి వంతెన ఉంది. జెఫర్సన్ 1774లో దాన్ని 20 షిల్లింగులకు కొన్నాడు, 2016 నుంచి అది స్టేట్ పార్కు.

సముద్రం వైపు చింకటీగ్ దీవిలో జులై చివరి గురువారానికి ముందు రోజు అడవి గుర్రాల మందను గుర్రప్పిల్లలతో సహా జలసంధిలో ఈదిస్తారు. మర్నాడు జరిగే గుర్రప్పిల్లల వేలం సొమ్ము ఊరి అగ్నిమాపక దళానికి పోతుంది. వర్జీనియా బీచ్ అందరికీ తెలిసిందే, ఆ జనసందడి నచ్చేవాళ్ళకే బాగుంటుంది.

ఎప్పుడు వెళ్ళాలి

ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులను వేసవిలోనే తిప్పడం మామూలే, కానీ జులై, ఆగస్టుల్లో తీరప్రాంతపు ఉక్కపోత పెద్దవాళ్ళను అలసిపోయేలా చేస్తుంది. ఏప్రిల్, మే, అక్టోబరు మేలు. ఒక్క రోజే ఉంటే దగ్గర్లోని మౌంట్ వెర్నన్, మూడు రోజులుంటే విలియమ్స్‌బర్గ్‌లో బస చేసి చుట్టుపక్కలవి చూడాలి. స్కైలైన్ డ్రైవ్‌కు అక్టోబరు రెండో సగమే సరైన కాలం. ఆకులు రంగు మారే వారాల్లో అక్కడి గదులు ముందే నిండిపోతాయి కాబట్టి నెలల ముందు బుక్ చేసుకోవాలి.