అవయవం ఇచ్చినవాళ్లకి సెలవు ఎలా వచ్చింది?

అక్కచెల్లెళ్లూ, ఈసారి ఒక చిన్న చరిత్ర.

1989 జులైలో బ్రిస్బేన్‌లోని ప్రిన్సెస్ అలెగ్జాండ్రా ఆసుపత్రిలో డాక్టర్ రస్సెల్ స్ట్రాంగ్ బృందం ఒక తల్లి కాలేయంలో కొంత భాగం తీసి ఆమె పసిబాబుకి అమర్చింది. ఆ తల్లి జపాన్ నుంచి వచ్చింది. బతికున్న మనిషి ఇచ్చిన కాలేయంతో బిడ్డ బతికి బట్టకట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి.

కిడ్నీ సంగతి ఇంకా పాతది. 1954లోనే బోస్టన్‌లో కవలల్లో ఒకరు రెండోవారికి కిడ్నీ ఇచ్చారు. వైద్యం అలా ముందుకెళ్లింది గానీ, ఇచ్చిన మనిషి కోలుకునే వారాల్లో జీతం మాటేమిటని అడగడానికి ప్రభుత్వాలకి చాలా ఏళ్లు పట్టింది. అమెరికా 1999లో తన ఫెడరల్ ఉద్యోగులకి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది.

ఆస్ట్రేలియా వంతు 2013 జులై 1న వచ్చింది. ముందు రెండేళ్ల ప్రయోగంగా పెట్టారు. కిడ్నీగానీ, కాలేయంలో భాగంగానీ ఇచ్చిన ఉద్యోగికి యజమాని సెలవు జీతం ఇస్తే, ఆరు వారాల వరకు కనీస వేతనం లెక్కన ప్రభుత్వం ఆ యజమానికి తిరిగి చెల్లిస్తుంది. 2015లో దాన్ని తొమ్మిది వారాలకి పెంచారు. ఆ తర్వాత పథకాన్ని కొనసాగిస్తూ వస్తున్నారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ డబ్బు మన చేతికి కాదు, యజమానికి వెళ్తుంది. కాబట్టి ఆయన ఒప్పుకుని కాగితాలు నింపాలి. 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టంలో ప్రసూతికి, అనారోగ్యానికి, ఇంట్లోవాళ్లని చూసుకోవడానికి సెలవులున్నాయి. అవయవదానం పేరుతో విడిగా సెలవు మాత్రం లేదు. అంటే జీతానికి కొంత ఊతం దొరికింది గానీ, ఉద్యోగానికి దాని పేరు మీద హామీ రాలేదు.

మన దేశంలో 2023లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 42 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చారు. ప్రైవేటు ఉద్యోగులకి ఆ ఉత్తర్వు వర్తించదు.

ఇదంతా మనకెందుకంటారా? మన దేశంలో బతికుండగా అవయవాలిచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. "ఆయన ఉద్యోగం పోతే ఇల్లు గడవదు, నువ్వైతే ఇంట్లోనే ఉంటావుగా" అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో మనకి తెలుసు. ఇంట్లో ఉన్న మనిషికి కడుపు కోసిన నొప్పి తక్కువా? వంటింటికి ఏ ప్రభుత్వమూ సెలవు ఇవ్వలేదు. సెలవు చట్టం గట్టిగా ఉంటే, ఎవరివ్వాలన్నది జీతాన్ని బట్టి కాకుండా ఆరోగ్యాన్ని బట్టి, ఇష్టాన్ని బట్టి తేలుతుంది.

మీ ఇంట్లో అలాంటి అవసరం వస్తే ఆపరేషన్‌కి ముందే ఆసుపత్రిలో దాతల వ్యవహారాలు చూసే నర్సునీ, ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లనీ అడగండి. సెలవు ఒప్పందం రాతపూర్వకంగా తీసుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు తమకి పథకం వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. కోలుకునే రోజుల్లో ఇంటిపని ఎవరు చేస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి.