అమెరికా కోర్టుల తీర్పులు: పల్నాడు పిల్లలకు ఏది వర్తిస్తుంది.. ఏది వర్తించదు?

అమెరికాలో ఏదో ఒక కోర్టు తీర్పు ఇచ్చిందంటే చాలు.. నరసరావుపేట, సత్తెనపల్లి, మాచర్లలో ఫోన్లు మోగుతాయి. "మనవాడి వీసాకు ఏం కాదు కదా? పుట్టబోయే బిడ్డ సంగతేంటి?" అంటూ కన్నవాళ్ల కంగారు. 2025లో ఇలాంటి తీర్పులు వరసగా వచ్చాయి. కొన్నిటిని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకున్నారు.

అందులో మొదటిది పుట్టుకతో వచ్చే పౌరసత్వం. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం ఇవ్వొద్దంటూ జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 అన్నీ తాత్కాలిక వీసాలే. అంటే మన దంపతుల్లో చాలామంది దాని పరిధిలోకి వస్తారన్నమాట. కింది కోర్టులు ఉత్తర్వును ఆపేశాయి. జూన్ 27న సుప్రీం కోర్టు 6-3 తేడాతో తీర్పు ఇవ్వగానే 'పౌరసత్వం రద్దు' అని ప్రచారం మొదలైంది. నిజానికి కోర్టు ఆ మాట అననే లేదు. ఒక జడ్జి దేశం మొత్తానికి వర్తించేలా స్టే ఇవ్వొచ్చా అన్నదే అక్కడి వివాదం. ఇవ్వకూడదంది, అంతే. ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్నదాని జోలికి పోలేదు.

పైగా రెండు వారాలు తిరక్కుండానే, జూలై 10న న్యూహాంప్‌షైర్ జడ్జి జోసెఫ్ లాప్లాంట్ పిల్లలందరి తరఫున వేసిన ఉమ్మడి వ్యాజ్యంలో ఆ ఉత్తర్వును మళ్లీ ఆపేశారు. అసలు ప్రశ్నను విచారిస్తామని సుప్రీం కోర్టు డిసెంబర్ 5న చెప్పింది. ఇక్కడ పుట్టినవాడు పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో అదే కోర్టు చెప్పిన మాటే ఈ కేసుకు ఆయువుపట్టు.

ఇక హెచ్-4. గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం వచ్చిన హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో పని చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. దాన్ని కొట్టేయాలని అమెరికన్ ఐటీ ఉద్యోగుల సంఘం ఒకటి ఏళ్ల తరబడి పోరాడింది. అప్పీల్ కోర్టులో ఓడింది. అక్టోబర్ 14న సుప్రీం కోర్టు ఆ పిటిషన్ తీసుకోనంది. సంబరమే గానీ.. విచారించననడం వేరు, నిబంధన సరైందని తీర్పివ్వడం వేరు. ప్రభుత్వం అనుకుంటే ఆ నిబంధనను మార్చే ప్రయత్నం చేయొచ్చు.

విద్యార్థుల విషయంలో మాత్రం కోర్టులే గట్టిగా నిలబడ్డాయి. వేల మంది సెవిస్ రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేస్తే, దేశవ్యాప్తంగా కేసులు పడ్డాయి. జడ్జిలు వరసగా అక్షింతలు వేయడంతో ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వమే కోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది.

హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు కేసులో గాలి ఎదురు తిరిగింది. ఫీజు చెల్లుతుందని వాషింగ్టన్ జడ్జి బెరిల్ హోవెల్ డిసెంబర్ 23న తేల్చారు. చాంబర్ ఆఫ్ కామర్స్ అప్పీలుకు వెళ్లింది. అయితే ఈ ఫీజు ప్రధానంగా అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త దరఖాస్తులకే. అక్కడే చదువుకుని ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ అక్టోబర్ 20నే స్పష్టం చేసింది. మాచర్ల నుంచి నేరుగా ఉద్యోగానికి వెళ్లాలనుకునే కుర్రాడికి మాత్రం, అంత సొమ్ము కట్టే కంపెనీ దొరకాలి.